ఏడో నంబరు బెల్టు

స్టోరు కీపరంటే ఎవరికీ పడదు. అడిగినది వెంటనే ఇవ్వడని, ఇచ్చినది తిరిగి అడుగుతాడని రెండు ఫిర్యాదులు వాడి మీద ఎప్పుడూ ఉంటాయి. నేను మిలిటరీలో పదహారేళ్లు, ఆ తర్వాత కరెంటు టవర్లు కట్టే ఒక కంపెనీలో పదకొండేళ్లు ఆ పనే చేశాను కాబట్టి తిట్లకు కొదవ లేకుండా బతికాను. ఈ అనంతరామయ్యకు చాదస్తమని వెనకాల అనుకునేవాళ్లు. నిజమే. తాడు చివర ఒక్క పోగు లేచి కనిపించినా నాకు ఆ పూట అన్నం సయించేది కాదు. అంత చాదస్తం ఉన్నవాణ్ణి, నా చేతులతో నేనే ఒక మనిషిని చంపుకున్నాను. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను. చదివినవాళ్లు నా గురించి మంచిగా అనుకోవాలని మాత్రం కాదు.

అది 1981. మరుసటి ఏడాది ఢిల్లీలో ఆసియా ఆటలు. ఎటు చూసినా తవ్విన రోడ్లు, లేస్తున్న ఫ్లైఓవర్లు. వాటన్నిటికీ కరెంటు కావాలి కదా. బల్లభ్‌గఢ్ వైపు నుంచి యమున మీదుగా లాగే కొత్త లైనులో ఒక ముక్క మా కంపెనీకి వచ్చింది. ఊరి బయట చేల పక్కన మా క్యాంపు. నాలుగు రేకుల షెడ్లు, కొన్ని గుడారాలు, ఒక చేతిపంపు. టవరెక్కేవాళ్లు ముప్పై రెండు మంది. దాదాపు అందరూ గుంటూరు, ప్రకాశం జిల్లాల వాళ్లే, ఒకర్ని చూసి ఒకరు వచ్చినవాళ్లు. వాళ్లకు మేస్త్రీ వెంకటసుబ్బయ్య.

వాళ్లు టవరెక్కుతుంటే చూసినవాళ్లు అబ్బో అనేవాళ్లు. నాకు మాత్రం ఒళ్లు మండేది. నూట యాభై అడుగుల ఎత్తున, జానెడు వెడల్పు ఇనుము మీద, ఒట్టి కాళ్లతో నడుస్తూ బీడీ ముట్టించుకునేవాళ్లు. ఆ ఏడాదే కంపెనీ నలభై కొత్త నైలాన్ బెల్టులు కొన్నది. నడుముకు వెడల్పాటి పట్టీ, దానికి రెండు పక్కలా రెండు ఇనుప రింగులు. ఎడమ రింగుకు బొటనవేలి లావు తాడు బిగించి ఉంటుంది. ఆ తాడును టవరు ఇనుము చుట్టూ తిప్పి, చివరనున్న కొక్కేన్ని కుడి రింగుకు తగిలిస్తే చాలు. వెనక్కి వాలి రెండు చేతులతో బోల్టులు బిగించుకోవచ్చు, కాలు జారినా మనిషి అక్కడే వేలాడతాడు. నేను ముప్పై రెండు బెల్టులకు ఎర్ర రంగుతో నంబర్లు వేసి, ఎవరి బెల్టు వాళ్లకు పేరు పెట్టి ఇచ్చాను.

ఒక్కడు కట్టుకుంటే ఒట్టు. కట్టుకున్నవాడు కనిపిస్తే, "ఏరా, మీ అమ్మ నీకు రెండో మొలతాడు కట్టిందా?" అని ఏడిపించేవాళ్లు. ఆ ఒక్క మాటకు జడిసి ఎంత పెద్దవాడూ బెల్టు విప్పి పక్కన పడేసేవాడు. నేను చెప్పి చూశాను, తిట్టి చూశాను. వేసవిలో ఎక్కడో ఇంకో లైనులో ఒకతను పడి చనిపోయాడని తెలిసినప్పుడు మూడు రోజులు బుద్ధిగా కట్టుకున్నారు. నాలుగో రోజు మళ్లీ మామూలే.

వాళ్లలో వీరాంజనేయులు అందరికంటే ముందు ఎక్కేవాడు, అందరికంటే చివర దిగేవాడు. దర్శి దగ్గర పల్లె అతనిది. ఇరవై ఆరేళ్లు ఉంటాయి. నన్ను బాబాయ్ అనేవాడు. నాకు పిల్లల్లేరు, భార్య పోయి అప్పటికి నాలుగేళ్లు. ఆ పిలుపు కోసం అతను ఎదురుపడే దారిలో నిలబడేవాణ్ణని ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

"బెల్టేదిరా?" అని అడిగేవాణ్ణి.

"షెడ్డులో పెట్టా బాబాయ్. ఎండకి పాడైపోద్దని."

"బెల్టు సంగతి నేను చూసుకుంటా. నీ సంగతి ఎవరు చూస్తారు?"

"నువ్వున్నావు గదా కింద, పట్టుకోటానికి," అనేసి చకచకా ఎక్కిపోయేవాడు.

అతని భార్య నాగమల్లేశ్వరి గ్యాంగుకు వంట చేసేది. క్యాంపులో ఉన్న ఒకే ఒక్క ఆడమనిషి. మొగుడు టవరు మీద ఉన్నంతసేపూ పొయ్యి వైపు తిరిగి కూర్చునేది, పొరపాటున కూడా పైకి చూసేది కాదు. ఒకరోజు నాకు మజ్జిగ పోస్తూ, "ఆ బెల్టు ఆయన చేత కట్టించు బాబాయ్. నేను చెప్తే నవ్వుతాడు," అంది. నేను చెప్తే మాత్రం ఏం చేస్తున్నాడు, నవ్వుతూనే ఉన్నాడు.

అప్పుడు తట్టింది నాకు ఆ ఆలోచన. మా వాళ్లు ఇంజనీరుకు భయపడరు, చావుకు భయపడరు. కానీ తాడు మీద కాలు పడితే వంగి కళ్లకద్దుకుంటారు. తాడు లాగే కప్పీని దాటితే లెంపలేసుకుంటారు. ఏటా దసరాకు తాళ్లు, కప్పీలు, బోల్టులు బిగించే పానాలు అన్నీ కడిగి ఆయుధపూజ చేస్తారు. నవమి సాయంత్రం పూజ అయ్యాక దశమి పొద్దున కొబ్బరికాయ కొట్టేదాకా వాటిని ఎవరూ తాకకూడదు, ఆయుధాలు విశ్రాంతి తీసుకోవాలని వాళ్ల నియమం. అయితే బెల్టును కూడా ఆ వరసలో కూర్చోబెడితే సరి అనుకున్నాను. ఒకసారి పూజలో కూర్చున్న వస్తువును మొలతాడని వెక్కిరించే ధైర్యం ఎవడికీ ఉండదు. ఆ ఆలోచన వచ్చిన రోజు నన్ను చూసి నేనే మురిసిపోయాను.

నవమి నాడు స్టోరులోనే పూజ. బొమ్మల కొలువుకు పెట్టినట్టు చెక్కలతో మూడు మెట్లు కట్టి, వాటి మీద నా తెల్ల పంచె పరిచాను. కింది మెట్టు మీద తాళ్లు, కప్పీలు. నడిమి మెట్టు మీద నలభై బెల్టులు దొంతరగా. పై మెట్టు మీద అమ్మవారి పటం. బెల్టుల తాళ్లకు పసుపు పూసి, ఒక్కోదానికి కుంకుమ బొట్టు నేనే పెట్టాను. గ్యాంగంతా స్నానాలు చేసి వచ్చి నిలబడ్డారు. నేను అనుకున్నట్టే, బెల్టుల వైపు చూసే చూపు మారింది.

అంతలో జీపు డ్రైవరు లింగయ్య వచ్చాడు. నల్గొండవాడు, నెమ్మదస్తుడు. జీపుకు అప్పటికే దండ వేసి నిమ్మకాయలు కట్టారు. ఆ మధ్యాహ్నమే ఛార్జింగు చేయించి తెచ్చిన బ్యాటరీని రెండు చేతులతో పొట్టకానించి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"అందరి సామాన్లు వెట్టిన్రు గద సార్. గిది లేకుంటే నా బండి కదలది. దీనికి గూడ ఒక బొట్టు వెడితే ఏం బోతది?"

"తుడిచావా?"

"సాఫ్‌గ తుడిచిన సార్."

పై మెట్టు మీద, పటం పక్కన పెట్టించింది నేనే. నలుగురిలో వాడి మాట కాదంటే చిన్నబుచ్చుకుంటాడని. ఛార్జింగు చేసిన బ్యాటరీ మూతల దగ్గర యాసిడ్ చెమ్మ ఉండి కిందికి కారుతుందని నాకు తెలియదా? మిలిటరీలో పదహారేళ్లు బ్యాటరీలు వేరే గదిలో పెట్టించినవాణ్ణి. కానీ ఆ సాయంత్రం నేను స్టోరు కీపర్ని కాదు, పూజారిని. అగరొత్తుల వాసనలో ఆ బుద్ధి ఎటు పోయిందో.

హారతి ఇస్తుండగా నాగమల్లేశ్వరి ముందుకొచ్చింది. మొగుడి చెయ్యి పట్టుకుని ఏడో నంబరు బెల్టు మీద పెట్టింది.

"అందరి ముందరా చెప్పు. ఇది కట్టుకోకుండా ఎక్కనని, కొక్కెం పెట్టకుండా చేతులు వదలనని."

గ్యాంగు గొల్లుమంది. వీరాంజనేయులు సిగ్గుపడిపోయాడు. అయినా నవ్వలేదు. "సరేలే. కొక్కెం పెట్టకుండా చేతులు వదల్ను. అమ్మవారి మీద ఒట్టు," అన్నాడు. నాకు కళ్లు చెమర్చాయి. ప్రమాణం చేసిన బెల్టు కదా, కింద ఉండటమేమిటని, ఏడో నంబరును తీసి దొంతరలో అన్నిటికంటే పైన, అమ్మవారికి దగ్గరగా పెట్టాను. బ్యాటరీకి సరిగ్గా కింద. తర్వాత నియమం ప్రకారం తలుపు వేసి తాళం పెట్టాను. తెల్లవార్లూ ఎవరూ ఏదీ తాకలేదు.

దశమి పొద్దున కాయ కొట్టి నేనే ఒక్కో బెల్టు అందరికీ ఇచ్చాను. ఏడో నంబరు తాడు కొంచెం తడిగా తగిలింది. కొబ్బరి నీళ్లనుకున్నాను. దాని మీది కుంకుమ బొట్టు పచ్చగా మారి ఉంది. పసుపులో సున్నం కలిపితేనే కుంకుమ ఎర్రబడుతుందని, పులుపు తగిలితే ఆ ఎరుపు పోయి మళ్లీ పచ్చనవుతుందని మా అమ్మ కుంకుమ చేస్తుంటే చిన్నప్పుడు ఎన్నోసార్లు చూశాను. అప్పుడు అది గుర్తుకే రాలేదు. ఎవరో పసుపు చేత్తో ముట్టుకున్నారనుకుని, దాని మీదే ఇంకో ఎర్ర బొట్టు పెట్టి, కళ్లకద్దుకుని వీరాంజనేయులు చేతికిచ్చాను. తాడు రంగు మారిందా అని చూద్దామంటే తాళ్లన్నీ పసుపు పూసినవే. ఒకటి రెండు చోట్ల బిరుసుగా అనిపించినా పసుపు ఆరి అట్ట కట్టిందనుకున్నాను.

ఆ తర్వాత తొమ్మిది రోజులు నా ఉద్యోగంలో నేను సంతోషంగా ఉన్న రోజులు. ముప్పై రెండు మందీ బెల్టులు కట్టుకున్నారు. ఎక్కేముందు తాడును కళ్లకద్దుకుని మరీ ఎక్కారు. ఇంజనీరు సాబ్ నా భుజం తట్టి, ఈ మద్రాసీలకు ఏం మంత్రం వేశావని అడిగాడు. నేను పళ్లికిలించాను.

పదో రోజు పొద్దున యమున ఒడ్డు టవరు. నేను కింద బోల్టులు లెక్కపెట్టి సంచుల్లో వేయిస్తున్నాను. పదిన్నర అయి ఉంటుంది. వీరాంజనేయులు పై రెక్క దగ్గర, అంటే తీగలు వేలాడదీసే అడ్డ ఇనుము దగ్గర, తాడు తిప్పుకుని, కొక్కెం తగిలించుకుని వెనక్కి వాలడం చూశాను. బెల్టు బాగానే పట్టుకుందని తృప్తిగా తల దించాను. మళ్లీ తల ఎత్తేలోపు అతను కింద ఉన్నాడు. అరుపు కూడా వినపడలేదు.

అందరికంటే ముందు చేరుకున్నది నేనే. ప్రాణం లేదు. దాని గురించి ఇంకేం రాయను. నడుముకు బెల్టు ఉంది. కుడి రింగుకు కొక్కెం తగిలించే ఉంది. తాడు నడిమికి తెగి, రెండు ముక్కలూ చెరోవైపు వేలాడుతున్నాయి. తెగిన చోట వేలు పెడితే పోగులు పొడిపొడిగా రాలాయి.

వెనక వెంకటసుబ్బయ్య పరిగెత్తుకుని వస్తున్న చప్పుడు. తలెత్తితే టవరు మీద ఏడుగురు ఎక్కడివాళ్లక్కడ బిగుసుకుపోయి ఉన్నారు, ఏడుగురూ బెల్టుల మీద వాలి. బెల్టు తెగిందని ఇప్పుడు ఒక్క మాట వాళ్ల చెవిన పడితే ఏమవుతుందో నాకు కళ్లకు కట్టింది. రేపటి నుంచి ఒక్కడూ బెల్టు ముట్టడు. ముందున్నవి నది దాటే టవర్లు, ఇంతకంటే ఎత్తు. ఎంతసేపు ఆలోచించానో చెప్పలేను. నా చెయ్యి వెళ్లి ఆ కొక్కేన్ని రింగులోంచి తీసేసింది. బెల్టు విప్పి, తాడు ముక్కలు లోపలికి వచ్చేలా చుట్టి, నా సంచిలో పెట్టేసుకున్నాను.

"కొక్కెం పెట్టుకోలేదా?" అన్నాడు వెంకటసుబ్బయ్య రొప్పుతూ.

"లేదు," అన్నాను.

ఇంజనీరు సాబ్ కూడా అదే అడిగాడు, నేనూ అదే చెప్పాను, కాగితంలో అదే ఎక్కింది. బెల్టు ఉండి కూడా కొక్కెం తగిలించుకోకపోవడం వల్ల. స్టోరు వాడు బెల్టు బాగుందన్నాక దాన్ని తీసి చూపించమని ఎవరడుగుతారు? నా చాదస్తం మీద అందరికీ అంత నమ్మకం.

నాగమల్లేశ్వరికి నేనే చెప్పాల్సి వచ్చింది. పొయ్యి ముందు నుంచి లేచి నిలబడి, "కొక్కెం పెట్టుకోలేదా బాబాయ్?" అంది. మేస్త్రీ అడిగిన మాటే. నేను తల అడ్డంగా ఊపాను. ఆమె ఏడవలేదు. "అందరి ముందరా ఒట్టేశాడే," అని మాత్రం అంది, రెండుసార్లు.

అతను పోయిన రెండో రోజున, పూజకు పరిచి మడిచి పెట్టిన పంచెను నీళ్లలో ముంచి పిండబోతే చేతుల్లో చిరిగిపోయింది. విప్పి చూస్తే జల్లెడ. పై మెట్టు మీద పరిచిన చోట అరచేయంత కన్నం, అక్కడి నుంచి కిందికి వరసగా చిన్న చిన్న కన్నాలు. పచ్చగా మారిన ఆ కుంకుమ బొట్టు అప్పుడు గుర్తొచ్చింది.  స్టోరులోకి వెళ్లి తలుపేసుకుని, మిగిలిన బెల్టుల తాళ్లన్నీ అంగుళం అంగుళం గోటితో గీరి చూశాను. దొంతరలో ఏడో నంబరు కింద ఉన్న మూడింటిలో కూడా అదే పొడి. వాటిని కోసి తగలబెట్టి, ఎవరికీ ఇవ్వకుండా పెట్టెలో మిగిలిన ఎనిమిదిలో మూడింటికి ఆ నంబర్లే వేసి ఇచ్చాను. బ్యాటరీలు స్టోరు గడప దాటకూడదని హిందీలో, తెలుగులో గోడ మీద రాశాను. ఎందుకని లింగయ్య అడిగితే కసిరి పంపించాను. ముసలాడి చాదస్తం ముదిరిందనుకున్నారు.

నిజం చెప్పకపోవడానికి నాకు కారణం ఉంది. ముప్పై ఒక్క మంది. వీరాంజనేయులు పోయాక వాళ్లు కొక్కెం పెట్టకుండా ఒక్క క్షణం చేతులు వదిలేవాళ్లు కాదు. కొత్తగా వచ్చినవాళ్లకు వెంకటసుబ్బయ్య అతని పేరే చెప్పి బెదిరించేవాడు: బెల్టు ఒంటి మీద పెట్టుకుని కూడా పొగరెక్కి చచ్చాడు, అట్లా చావబాకండి అని. ఆ లైను పూర్తయ్యేదాకా ఇంకొకరు పడలేదు. ఈ లెక్క నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో. అందులో సగమే నిజం. మిగతా సగం నా భయం. నా పేరు, నా ఉద్యోగం, బాబాయ్ అనే ఆ పిలుపు. ఇంకో సంగతి కూడా ఉంది. బ్యాటరీ పక్కన బెల్టు పెట్టకూడదని నేను చెప్పి ఉంటే ఆ కబురు ఇతర క్యాంపులకు కూడా పాకేది. చెప్పలేదు కాబట్టి పాకలేదు. ఎక్కడైనా ఇంకెవరైనా అలా పడ్డారేమో నాకు తెలియదు, తెలుసుకునే ధైర్యమూ చేయలేదు.

నాగమల్లేశ్వరి ఊరికి వెళ్లనంది. అక్కడ ఎవరూ లేరు. కంపెనీ ఇవ్వాల్సింది ఇచ్చింది. మిలిటరీ రోజుల్లో నాకు తెలిసిన ఒకాయన ద్వారా సరోజినీ నగర్‌లో తెలుగు ఆఫీసరు గారింట్లో వంటపని చూసిపెట్టాను. ఆ క్వార్టరు వెనకే ఆమెకొక గది ఇచ్చారు. నేను రిటైరయ్యాక కంటోన్మెంటు దగ్గర గది తీసుకుని, నెలకోసారి బస్సెక్కి వెళ్లి చూసి వచ్చేవాణ్ణి. వెళ్లినప్పుడల్లా అన్నం పెట్టేది. ఆఫీసరు గారి ఇంటావిడతో, ఢిల్లీ అలవాటున, "మా బాబాయ్ లేకపోతే నేనేమైపోయేదాన్నో దీదీ," అనేది. నేను తల దించుకుని ఆ అన్నం తినేవాణ్ణి. గోడ మీద మొగుడి ఫోటో లేదు. ఏడాదికోసారి అతని పేరున దీపం పెట్టడమూ లేదు. ఇంటావిడ అడిగితే, "అమ్మవారి మీద ఒట్టేసి తప్పినోడికి దీపమేంది దీదీ," అనేసేదట.

మొన్న, అంటే 1987 దసరా వెళ్లిన వారానికి, మధ్యాహ్నం వెళ్లాను. గది ముందు ఎండలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. నాకు ముక్కాలి పీట వేసింది. కాసేపు ధరల గురించి, బస్సుల గురించి మాట్లాడుకున్నాం. ఉన్నట్టుండి చెయ్యి ఆపింది.

"ఒకటి అడుగుతా బాబాయ్. నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు పొద్దున ఆయన మొహం ఎట్టా ఉంది?"

"ఎప్పట్లాగే. ఏం?"

"మేం పోట్లాడుకున్నాం. ఊరి నుంచి తెచ్చుకున్న గోంగూర పచ్చడి జాడీ మొత్తం పట్టుకుపోయి గ్యాంగుకు ఇచ్చేశాడు. నాకు కోపమొచ్చింది. నేనో మాట అన్నా." చేటలోకి చూస్తూ చెప్పింది. "నాకంటే నీకు ఆ గ్యాంగే ఎక్కువైతే పో, ఆ టవరు మీదే ఉండు, దిగి రాబాక అన్నా. ఆయన ఏం మాట్లాడకుండా బెల్టు తీసుకుని ఎళ్లిపోయాడు."

ఆమె చేటలోంచి ఒక రాయి ఏరి అవతల పారేసింది.

"ఒట్టు తప్పాడని అందరికీ చెప్తా గానీ, ఆయన ఒట్టు తప్పే మనిషి కాదు బాబాయ్. నా మీద కోపంతోనే పెట్టుకోలేదు కొక్కెం. నా మాట పట్టుకునే దిగి రాలేదు. ఆరేళ్లుగా నాకు తెలుసు ఆ సంగతి. దీపం ఏ మొహం పెట్టుకుని పెట్టేది?"

ముప్పై ఒక్క మంది లెక్క ఆ ఎండలో ఎటు పోయిందో పోయింది. నేను లెక్కలో వేసుకోని మనిషి ఒకరు నా ఎదురుగా కూర్చుని ఉన్నారు, ఆరేళ్లుగా. ఇక దాచలేకపోయాను. బ్యాటరీ దగ్గర మొదలుపెట్టి కొక్కెం దాకా అంతా చెప్పాను. పంచె సంగతి, కాల్చేసిన మూడు బెల్టుల సంగతి, గ్యాంగు బెల్టులు పారేస్తారని భయపడిన సంగతి. నా భయం సంగతి కూడా.  చేట ఒళ్లో అలాగే ఉంది.

అంతా అయ్యాక అడిగింది.

"కొక్కెం పెట్టే ఉందా?"

"ఉంది."

"నువ్వు నీ కళ్లతో చూశావా?"

"చూశాను. నేనే తీశాను."

"మొహంలో కోపం లేదా?"

"ఎక్కబోయే ముందు నా దగ్గరకొచ్చి, బాబాయ్, మధ్యాహ్నం పచ్చడన్నానికి రా, మళ్లీ అయిపోద్ది అన్నాడు. నవ్వుతూనే అన్నాడమ్మా."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ రోజు క్యాంపులో రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది. ఇంటావిడ తలుపు తీసి చూసి, నా మొహం చూసి మళ్లీ వేసుకుంది. నేను పీట మీద నుంచి దిగి నేల మీద కూర్చున్నాను. "నన్ను క్షమించమని అడిగే అర్హత కూడా నాకు లేదు," అన్నాను. పనికిమాలిన మాట. 

కొంతసేపటికి కళ్లు తుడుచుకుంది.

"ఆ బెల్టేదీ?"

"నా పెట్టెలో ఉంది."

"తీసుకుని మేస్త్రీ దగ్గరకి పో. ఇప్పుడు గాజియాబాద్ అవతల ఎక్కడో పని చేయిస్తున్నాడంట. పొగరెక్కి చచ్చాడని ఇప్పటికీ కొత్తోళ్లకి చెప్తానే ఉంటాడు. అందరి ముందరా చూపించు. ఆయన ఒట్టేసింది కూడా అందరి ముందరే."

"చూపిస్తానమ్మా. మరి లింగయ్య..."

"లింగయ్య పేరు ఎత్తబాక. ఆ బ్యాటరీ అక్కడ పెట్టించింది నువ్వు."

సరేనన్నాను.  ఆమె చేటలో మిగిలిన బియ్యం గిన్నెలో పోసి, చేట గోడకు ఆనించింది. నా వైపు చూడకుండానే అంది:

"ముప్పై మందిని కాపాడావు, కాదన్ను. వాళ్ల కోసం అబద్ధమాడావంటే అది కూడా ఒప్పుకుంటా. కానీ తిరిగి ఒక్క మాట అనలేని మనిషిని ఆరేళ్లు నా చేత తిట్టిచ్చావు బాబాయ్."

 ఆమె గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. నేను నా గదికి వెళ్లి పెట్టె తెరిచి, సాయంత్రం బస్సుకు గాజియాబాద్ వెళ్లాను, ఏడో నంబరు సంచిలో పెట్టుకుని.